తలుపు సందుకు మట్టి మెత్తిన సంగతి

ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను చేసిన తప్పులు తక్కువేం కాదు. కొన్నింటికి చార్జిషీట్లు వచ్చాయి, కొన్నింటికి చీవాట్లు పడ్డాయి, కొన్ని ఎవరి కంటా పడకుండా గడిచిపోయాయి. ఇప్పుడు చెప్పబోయే తప్పుకు మాత్రం మేనేజరు నా భుజం తట్టి శభాష్ అన్నాడు. నా ఉద్యోగంలో దానికి మించిన తప్పు ఇంకోటి లేదు. కొత్తగా డ్యూటీలో చేరుతున్న మీలాంటి పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. పనికి రాకపోతే నవ్వుకోవడానికైనా ఉంటుంది.

నేను ఫ్యాన్ ఆపరేటర్ని. గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గని, మా మాటలో చెప్పాలంటే బాయి. బాయిలోపలి చెడు గాలిని బయటికి గుంజడానికి పైన ఒక పెద్ద ఫ్యాను ఉంటుంది. అది నడిస్తేనే కింద ఉన్నవాళ్లకు మంచి గాలి అందుతుంది. ఆగిందంటే పనులన్నీ ఆపి మనుషుల్ని బయటికి తీసుకురావాల్సిందే. ఆపరేటరు పనేమిటంటే, దాని పక్కన కూర్చోవడం. గంటకోసారి మీటరు చూడాలి, బేరింగుల మీద చెయ్యి పెట్టి వేడి చూడాలి, తేడా వస్తే ఫోన్ కొట్టాలి. మా బామ్మర్ది పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేటప్పుడు, "మా బావను కంపెనీ ఫ్యాన్ కింద కూసోవెట్టి సాదుతది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఇరవై రెండేళ్లు అదే కుర్చీలో కూర్చున్నాను. ఆ నవ్వులకు అలవాటు పడిపోయాను.

నాకు ఒక జోడీదారు ఉండేవాడు. నేను దిగే షిఫ్టుకు అతను ఎక్కేవాడు, అతను దిగేదానికి నేను ఎక్కేవాణ్ని. టౌన్లో మెకానిక్ షెడ్డున్న కుటుంబం వాళ్లది. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్లు, నాతో మాత్రం నాకంటే మంచి తెలుగు మాట్లాడేవాడు. షిఫ్టు మారేటప్పుడు ఒక అరగంట ఇద్దరం కలిసి కూర్చునేవాళ్లం. ఫ్లాస్కులో చాయ్ ఉండేది, ఊళ్లో ముచ్చట్లన్నీ నా నోట్లో ఉండేవి. నేను చెప్తూనే ఉండేవాణ్ని, అతను తలూపుతూ ఉండేవాడు. నా ముచ్చట్లంటే అతనికి అంత ఇష్టమని మురిసిపోయేవాణ్ని.

ఆఖరి ఏళ్లలో అతనికి వినికిడి పోతూ వచ్చింది. మొదట్లో ఎవరికీ తెలియలేదు. పలకరిస్తే పలకడం లేదని, పొగరెక్కిందని అన్నారు. రిటైరయ్యేటప్పుడు దవాఖానలో పరీక్ష చేసి, సన్నటి చప్పుళ్లు పోయాయని, లావు చప్పుళ్లు మాత్రం ఇంకా వినబడతాయని చెప్పారు. అంటే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. నాకంటే రెండేళ్లు ముందు రిటైరై, సెంటినరీ కాలనీ దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. మెషిన్ పెట్టుకోమంటే, అది పెట్టుకుంటే చెవిలో కంకర మిషన్ నడిచినట్టుందని తీసి పక్కన పడేశాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. అతని బిడ్డ పాటలు కడుతుంది. ఒంటరిగా కాదు, ఇద్దరు. రెండో అతను బెల్లంపల్లి పిల్లగాడు, టీచరుగారి కొడుకు, చర్చిలో కీబోర్డు వాయించి నేర్చుకున్నవాడు. హైదరాబాదులో ఒకే కాలేజీలో చదివి, అక్కడే ఒక చిన్న గదిలో మిషన్లు పెట్టుకొని ఒక ఆల్బమ్ చేశారు. రెండోది చేస్తున్నారు. ఏం పాటలని అడిగితే ఆ అబ్బాయి, "యాంబియెంట్ సింథ్ పాప్ కాకా" అన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి నా మీద జాలిపడి విడమరిచి చెప్పాడు.

"పాట ఉంటది కాకా, కాని యాడికీ ఉరుకది. ఉన్నకాన్నే ఉంటది. మనం దాంట్ల కూసుంటం."

నా ఉద్యోగం అదే కదా అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వి, నా మాట ఫోన్లో రాసుకుంది.

కొత్త ఆల్బమ్ మొత్తం మన బొగ్గుగనుల ప్రాంతపు చప్పుళ్లతోనే కట్టాలని వాళ్ల ఆలోచన. షిఫ్టు సైరన్ పట్టుకున్నారు, బొగ్గు రైలు పట్టుకున్నారు, గోలేటి దాకా పోయి కన్వేయర్ బెల్టు చప్పుడు పట్టుకొచ్చారు. వాటిని సాగదీసి, మెత్తగా చేసి, వాటి మీద ఆ పిల్ల నెమ్మదిగా పాడుతుంది. నాకు వినిపిస్తే మొదట్లో ఏమీ అర్థం కాలేదు. తర్వాత కళ్లు మూతలు పడ్డాయి. అదే మెచ్చుకోలు అన్నారు వాళ్లు.

ఒక్క పాట మిగిలింది, ఆఖరిది. దానికోసమే మా ఫ్యాన్ హౌస్‌కు వచ్చారు. మా బాయి మూతపడే రోజులవి. కింద బొగ్గు అయిపోయింది, సామాన్లన్నీ పైకి తెచ్చేశారు, బాయి నోటికి గోడ కడుతున్నారు. గోడ పూర్తయ్యేదాకా ఫ్యాను నడవాలి, అయ్యాక ఆపేయాలి. నా రిటైర్మెంటూ ఆ నెలాఖరుకే. మేనేజరు దగ్గర పర్మిషన్ రాయించుకొని సోమవారం పొద్దున ఇద్దరూ వచ్చారు.

ఆ పిల్ల నా స్టూలు మీద కూర్చొని అసలు సంగతి చెప్పింది. వాళ్ల నాన్నకు ఆమె పాట ఒక్కటీ వినబడదు. మొదటి ఆల్బమ్ వినిపిస్తే, పిల్ల మనసు కష్టపెట్టొద్దని, బాగుంది బేటా అని తల ఊపాడట. పాట అయిపోయాక కూడా ఊపుతూనే ఉన్నాడట. అప్పుడు నీకేం వినబడుతుందో చెప్పమని కాగితం మీద రాసి చూపించి పట్టుబట్టింది. చాలాసేపు ఆలోచించి, ఫ్యాన్ హౌస్‌లో ఒక మూలుగు ఉండేది, అదొక్కటే మంచిగ వినబడేది అన్నాడట.

"గా మూలుగు ఏంది కాకా? నాకు గదే గావాలె. మా అబ్బా ఇనే పాట ఒక్కటన్న జెయ్యకుంటే, నేను ఎన్ని జేసి ఏం ఫాయిదా."

నాకు ఆలోచించే పనే పడలేదు. ఫ్యానుకు పోయే గాలిదారి పక్కన ఒక చెక్క తలుపు ఉంటుంది, లోపలికి వెళ్లి చూడటానికి. దాని కింది మూల కుళ్లి, వేలు పట్టేంత సందు పడింది. ఫ్యాను గాలిని గుంజుతుంటే ఆ సందులోంచి బయటి గాలి దూరి, ఎవరో నోరు మూసుకొని మూలిగినట్టు 'ఊఁ' అని పొద్దస్తమానం కూస్తుంది. తలుపు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఆ అబ్బాయి చెవి ఆనించి, కళ్లు మూసుకొని, వేళ్లతో గాలిలో ఏదో మెట్టు నొక్కాడు. ఇదే అన్నాడు. ఫోన్ తీసి రెండు నిమిషాలు రికార్డు చేశాడు. ఆ రెండు నిమిషాలూ నేను పక్కన నిలబడి ఫ్యాను ఎట్లా పనిచేస్తుందో వివరంగా చెప్తూనే ఉన్నాను. తర్వాత విన్నాను, తలుపు చప్పుడు కంటే నా చప్పుడే ఎక్కువుంది. పర్వాలేదు, గురువారం మంచి మైకులతో వస్తామని చెప్పి వెళ్లారు.

ఇక్కడ మీకు మా అలవాటు ఒకటి చెప్పాలి. బాయి మీదికి ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే మాకు చేతులు ఊరుకోవు. ఇన్‌స్పెక్షన్ అనే మాట వింటే చాలు, చెట్ల మొదళ్లకు సున్నం, రాళ్లకు సున్నం, మెట్లకు ఎర్ర జాజు. ఆఫీసరు కాలు మోపే చోటల్లా కడిగి, పాడైనదాన్ని సరిచేసి, సరికానిదాన్ని ఆయన కంటపడకుండా జరిపేస్తాం. ముప్పై మూడేళ్లు అట్లాగే బతికాను. మైకులు పట్టుకొని హైదరాబాదు నుంచి మనుషులు వస్తున్నారు, అందులో నా జోడీదారు బిడ్డ. ఆ కుళ్లిన తలుపు ఆల్బమ్‌లోకి ఎక్కితే నా పరువేం కావాలి?

మంగళవారం ఫ్యాన్ హౌస్ కడిగించాను. బుధవారం కార్పెంటరును పిలిచి, తలుపు కుళ్లిన మూల కోయించి కొత్త చెక్క వేయించాను. ఇంకా కొంచెం సందు మిగిలితే నేనే మట్టి పిసికి, గోనెపీచు కలిపి గట్టిగా మెత్తాను. పైన పచ్చ పెయింటు. సాయంత్రం రౌండుకు వచ్చిన మేనేజరు తలుపు చూసి, ఆఖరి రోజుల్లో కూడా ఇంత శ్రద్ధగా డ్యూటీ చేసేవాణ్ని చూడలేదన్నాడు. భుజం తట్టింది అప్పుడే. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది నాకు.

నిజం చెప్తున్నాను, ఆ మూలుగు ఆగిపోయిన సంగతి నాకు తట్టనే లేదు. వాళ్లకు కావలసిందే అదని తెలిసి కూడా తట్టలేదు. తలుపు బాగుచేస్తే చప్పుడు ఇంకా బాగా వస్తుందని అనుకున్నానేమో. ఏమనుకున్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

గురువారం వాళ్లు వచ్చారు. మూడు కాళ్ల స్టాండు, బొచ్చు తొడుగేసిన మైకు, నల్ల పెట్టె. నేను ఇస్త్రీ యూనిఫాం వేసుకొని తలుపు పక్కన నిలబడ్డాను. ఆ అబ్బాయి హెడ్‌ఫోన్ పెట్టుకొని మైకు తలుపు దగ్గర పెట్టాడు, కొంచెం జరిపాడు, ఇంకొంచెం జరిపాడు. ఆ పిల్ల కింద మూలకు వంగి కొత్త చెక్కనూ పెయింటునూ చూసింది. వేలితో ముట్టుకుంది. వేలికి పచ్చరంగు అంటింది.

"కాకా, మూసినవా?"

తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మీరు వస్తున్నారని బిడ్డా, అని ఏదో గొణిగాను. ఆ పిల్ల లేచి, ఏం కాదు కాకా, మంచిగనే జేసినవ్ అని నన్నే ఓదార్చింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

అందుకే చెప్తున్నాను పిల్లలూ, ఎవరైనా మీ పని చూడటానికి వస్తున్నారంటే వెంటనే చీపురు పట్టుకోకండి. ఏం చూడటానికి వస్తున్నారో ముందు మనసు పెట్టి వినండి.

తర్వాత మొదలయ్యాయి నా తిప్పలు. మట్టి తీసేశాను. సందులోంచి 'స్స్' అని గాలి పోయింది తప్ప మూలుగు రాలేదు. కొత్త చెక్క మూల ఉలితో చెక్కాను. ఈసారి ప్రెషర్ కుక్కర్ కూత వచ్చింది. రబ్బరు ముక్క పెట్టాను, కుక్కపిల్ల ఏడ్చినట్టు వచ్చింది. ఆ అబ్బాయి ఫోన్లో పాత చప్పుడు వింటూ, కొంచెం కిందికి రావాలె కాకా, ఇంకొంచెం, అయ్యో ఎక్కువయింది అంటున్నాడు. పాత కుళ్లిన ముక్కే తెచ్చి బిగిద్దామని కార్పెంటరు దగ్గరికి ఉరికాను. ఆ ముక్కను పొద్దున్నే పొయ్యిలో పెట్టి చాయ్ కాచుకున్నానని ఆయన చల్లగా చెప్పాడు. నాకూ ఒక కప్పు ఇచ్చాడు. నా జన్మలో అంత చేదు చాయ్ తాగలేదు.

తలుపుకు సందు మూసే ఆపరేటర్లను చూశాను గానీ, రోజంతా కూర్చొని సందు పెట్టే ఆపరేటరు నేనొక్కణ్నే అయ్యుంటాను. బాయిలో మనిషి లేడు కాబట్టి సరిపోయింది, ఉండుంటే ఆ తలుపు మీద ఉలి పెట్టేవాణ్ని కాదు. శుక్రవారం కూడా అంతే. సాయంత్రానికి తలుపు మూల ఎలుకలు కొరికినట్టు తయారైంది.

మీ మిషన్లో ఎన్ని చప్పుళ్లో ఉన్నాయి కదా, ఇదొక్కటి తయారు చేయలేరా అని అడిగాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఫోన్లో ఉన్నదాన్ని బట్టి సోమవారం సాయంత్రమే తయారు చేసి నాన్నకు వినిపించిందట. విన్నాడట. వినబడిందట కూడా. కానీ, ఇది అది కాదు బేటా అన్నాడట. అందుకే అసలుదాని కోసం ఇంత ఆరాటం.

శనివారం గోడ పూర్తయింది. పొద్దున పదకొండు గంటలకు ఫ్యాను ఆపాలని మేనేజరు కబురు పంపాడు. నా జోడీదారును రమ్మని పిలిస్తే రానన్నాడు, నడుస్తుండంగా వదిలి వచ్చిన, అట్లనే ఉండనియ్యి అన్నాడు. వాళ్లిద్దరూ మాత్రం వచ్చారు. మూలుగు ఎలాగూ లేదు, ఫ్యాను ఆగే చప్పుడైనా పట్టుకుందామని మైకు నా పక్కనే పెట్టారు. ఆ పిల్ల నన్ను ఏమీ అడగలేదు. రెండు రోజులుగా ఉలితో నేను పడ్డ పాట్లు చూసి నా చేతికి బ్యాండేజీ కూడా తెచ్చింది.

మేనేజరు తల ఊపాడు. నేను బటన్ నొక్కాను. అంత పెద్ద ఫ్యాను ఒక్కసారిగా ఆగదు. గొంతు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, రెక్కలు విడివిడిగా కనబడి, ఆఖరికి ఒకచోట నిలబడింది. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. బయట ఎక్కడో స్కూటర్ స్టార్టు చేస్తున్న చప్పుడు కూడా వినబడింది. క్వార్టర్లలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి ఇటు చూశారట, ఏదో ఆగిందని తెలిసింది గానీ ఏమిటో తెలియక. మేనేజరు టోపీ తీశాడు.  ఎంతసేపు అట్లా నిలబడ్డామో తెలియదు. నాకు ఏడుపు రాలేదు. వస్తుందనుకున్నాను గానీ రాలేదు.

వాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. నాలుగు రోజుల తర్వాత ఆ పిల్ల ఫోన్ చేసింది.

"కాకా, ఫ్యాన్ బందయినంక నువ్వేం జేసినవ్?"

"ఏం జేస్త బిడ్డా, నిలవడ్డ."

"నోరు తెరిచినవా?"

లేదన్నాను. అప్పుడు ఫోన్లోనే వినిపించింది. ఫ్యాను తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆగిన తర్వాత, ఆ నిశ్శబ్దంలో, మెల్లగా మొదలై నిలకడగా ఒక 'ఊఁ'. తలుపు మూలుగే. ఎక్కడి నుంచి వచ్చింది, తలుపు చెక్కేశాను కదా అన్నాను. ఆ అబ్బాయి ఫోన్ తీసుకొని, అది తలుపు కాదు కాకా, మైకు పక్కన ఉన్నది నువ్వే, ఫోన్లో ఉన్నదానికీ నీ గొంతుకూ ఇసుమంత తేడా లేదు అన్నాడు. నేను నమ్మలేదు. ఇంట్లో అడిగితే మా ఆవిడ ముఖం అదోలా పెట్టి, అన్నం తినేటప్పుడు తప్ప రోజంతా అట్లనే గదా మూల్గుతవు, నీకు ఎరుక లేదా అంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా చెప్పలేదేమంటే, ఫ్యాన్ డ్యూటీ చేసే మనిషివి, అది నీ రోగం అనుకున్న అంది.

ఆల్బమ్ పూర్తయ్యాక, బయటికి వదిలే ముందు వాళ్లిద్దరూ నన్ను సెంటినరీ కాలనీకి రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనం నా జోడీదారు ఇంట్లో. బిర్యానీ తిన్నాక, బీరువా అంత స్పీకరు ఒకటి తెచ్చి గదిలో పెట్టారు. అతను స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. నేను పక్కన. ఆ పిల్ల మాకు ఎదురుగా నేల మీద కూర్చొని వాళ్ల నాన్న ముఖమే చూస్తోంది. 

ముందు ఫ్యాను. దాని కింద కీబోర్డు మెల్లగా, దాని మీద ఆ పిల్ల గొంతు. అతను తల ఊపడం మొదలుపెట్టాడు. పాత ఊపుడే, ఎవరి మనసూ కష్టపెట్టకుండా ఊపేది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పాటలో ఫ్యాను ఆగింది. 'ఊఁ' మొదలైంది. అతని తల ఊపడం ఆగిపోయింది.

కొంచెంసేపు విని, కళ్లు తెరిచి బిడ్డ వైపు చూశాడు.

"గిది తలుపు గాదు బేటా."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఇన్ని రోజుల కష్టమూ నా మట్టి ముద్దలో కలిసిపోయిందనుకున్నాను. అక్కడి నుంచి లేచి వెళ్లిపోదామా అనిపించింది. అతను నావైపు తిరిగాడు.

"తలుపు మూలుగు సంగతి నాకేం తెల్వది. నేను చెప్పింది గిదే, వీడే. ఆఖరి ఏండ్లల్ల వీడు షిఫ్టు మారేటప్పుడు బొచ్చెడు ముచ్చట్లు చెప్పేది. ఒక్క ముక్క సమజ్ కాకపోయేది. చెప్పుడు బంద్ జేసినంక గిట్ల మూల్గుకుంట కూసునేది. గదొక్కటే ఇనవడేది. పక్కన మనిషి ఉన్నడు అని ఎరుకయ్యేది."

ఆ మూలుగు తలుపుదని వాళ్లకు చెప్పింది నేను. ఆ తలుపుకు మట్టి మెత్తింది నేను. ఉలి పట్టుకొని రెండు రోజులు అవస్థపడిందీ నేనే. ఇన్ని చేసిన నాకు, ఆ ఆఖరి ఏళ్ల నా ముచ్చట్లు ఒక్కటీ ఆ మనిషి చెవికి చేరలేదని ఆ రోజే తెలిసింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఇంకేదో అయింది. ఇంతకాలం నేను ఆ ఫ్యానుకు తోడు కూర్చున్నాననుకున్నాను.

మళ్ల పెట్టు బేటా అన్నాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకొని మళ్లీ పెట్టింది. పాట పాడవకూడదని ఈసారి నేను పళ్లు బిగించి, నోరు గట్టిగా మూసుకొని కూర్చున్నాను. ఫ్యాను ఆగింది. నా జోడీదారు నన్ను చూసి నవ్వి, స్పీకరు మీది చెయ్యి తీసి, అట్లాగే నా వీపుకు ఆనించి కూర్చున్నాడు.